ఇరవై మూడు పసుపు పీలికలు

విద్యార్థినుల హాస్టల్,
ఉత్తర ఢిల్లీ.
మే 16, శుక్రవారం

ప్రణతికి,

స్నిగ్ధ నమస్కారాలు. మీ అమ్మగారు, కృష్ణకుమారి ఆంటీ, ఊతకర్రలతో బాల్కనీ దాకా నడుస్తున్నారని, నిద్రలో మాత్రం ఉలిక్కిపడి లేచి నీళ్ళడుగుతున్నారని విన్నాను. ఆమె క్షేమం అడిగే అర్హత నాకు మిగిలిందో లేదో తెలియదు. అయినా అడుగుతున్నాను.

ఇక నా మీద నువ్వు మోపిన నేరం. మన సైకిల్ బృందం వాట్సాప్‌లో నువ్వు రాసింది ఒకే వాక్యం: స్నిగ్ధ మా అమ్మను అడవిలో వదిలేసి వచ్చింది. విశేషణం లేదు, తిట్టు లేదు. ఆ వాక్యాన్ని ఎవరూ ఖండించలేదు, ఎవరూ సమర్థించలేదు. అందరూ చదివినట్టు నీలం గుర్తులు మాత్రం పడ్డాయి. మూడేళ్ళుగా కాలేజీ చర్చావేదికల మీద మనిద్దరిదీ ఒకే జట్టు. నువ్వు ప్రతిపాదించేదానివి, ఎదుటివాళ్ళు చెప్పింది నేను ఖండించేదాన్ని. నీ ప్రతిపాదనకే సమాధానం చెప్పవలసిన రోజు వస్తుందని ఊహించలేదు. వచ్చింది కాబట్టి చెప్తున్నాను.

ఈ ఉత్తరాన్ని నువ్వు ఒక్కదానివే చదివి చించెయ్యకు. ఎల్లుండి ఆదివారం, నెల రోజుల తర్వాత, బృందం మళ్ళీ లోయదారికి వెళ్తోంది. విరిగిన ఆనకట్ట దగ్గర, ఒక్కరైనా సీటెక్కకముందు, దీన్ని పైకి చదువు. నీ వల్ల కాకపోతే బృందాన్ని నడిపే రఘునందన్ గారి చేత చదివించు. నేను అక్కడే నిలబడి వింటాను. కొత్తగా చేరిన ఆరుగురు కూడా ఉంటారట, వాళ్ళలో ఇద్దరు స్కూలు పిల్లలట. వాళ్ళ కోసం, నీకు తెలిసిన సంగతులు కూడా మొదటినుంచీ రాస్తున్నాను. విసుక్కోకు.

ఫరీదాబాద్ పక్కన ఆరావళి కొండల మధ్య, వర్షాకాలంలో మాత్రమే నీళ్ళుండే ఒక వాగు యమున వైపు దిగుతుంది. దాని ఒడ్డునే, తుమ్మచెట్ల సందున, ఒక సైకిలు పట్టేంత వెడల్పున పోయేదే మన లోయదారి. మేకలు, నీలగాయిలనే మనుబోతులు, కట్టెలకు వచ్చేవాళ్ళు చేసిన అడ్డదారులు దాన్ని వంద చోట్ల కోస్తాయి. ఏది మన దారో తెలియడానికి రఘునందన్ గారు ఒక పద్ధతి పెట్టారు. ముందుగా ఆయన వెళ్ళి మలుపు మలుపుకూ ఒక పసుపు గుడ్డ పీలిక కొమ్మకు కట్టుకుంటూ పోతారు. ఆ పీలికలు ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి గారి పాత చీరలోవి. అందరి కన్నా వెనక వచ్చే మనిషి వాటిని ఒక్కొక్కటే విప్పి సంచిలో వేసుకుంటారు. అడవిలో మన గుర్తు మిగలకూడదన్నది ఆయన పట్టుదల. ఆ చివరి మనిషికి మనం పెట్టుకున్న పేరు తోక. తోక దాటిందంటే ఆ చెట్టుకు వెనక మనవాళ్ళెవరూ లేరని అర్థం. కట్టినన్ని పీలికలూ చివర్లో తిరిగి చేతికి వస్తే, మనుషులందరూ అడవి దాటినట్టే. మనం మనుషుల్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు, ప్రణతీ. పీలికల్నే లెక్కపెట్టాం.

ఏప్రిల్ ఇరవై, ఆదివారం. నీకు మర్నాడు పరీక్ష, హాస్టల్లోనే ఉండిపోయావు. మీ నాన్నగారు ఆఫీసు పని మీద భువనేశ్వర్‌లో ఉన్నారు. పదిహేను మందిమి బయలుదేరాం, నేను తోక. బయలుదేరే ముందు మీ అమ్మ నన్ను ఏడిపించారు: "మైకు ముందు సింహం, మా వెనక తోకా?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. యాభై ఒకటో ఏట సైకిల్ నేర్చుకుని, సెక్షన్ ఆఫీసర్ హోదాలో ఉండి, మోకాళ్ళకు ప్యాడ్లు బిగించి కొండెక్కే మనిషి ఆమె. నెమ్మదిగా తొక్కుతారు. అందువల్ల ఆ ఉదయమంతా నాకు ముందు కనిపించింది ఆమె ఎర్ర హెల్మెటే. ఏటవాలు ఎక్కిన ప్రతిసారీ ఆగి, వెనక్కి తిరిగి, ఉన్నావా అని అడిగేవారు. ఉన్నానని అరిచేదాన్ని.

ఏడుంపావుకు పదహారో పీలిక దగ్గరకు వచ్చాం. అక్కడ దారి చీలుతుంది. ఎడమవైపు ఒకప్పుడు రాతి లారీలు తిరిగిన వెడల్పు బాట ఉంది. కుడివైపున్నది మన సన్నదారి. అది పాత క్వారీ గుంట అంచునే ఎక్కి, పదిహేడు నుంచి ఇరవై మూడు దాకా పీలికల వెంట తారురోడ్డుకు దిగుతుంది. గుంటలో నీళ్ళు నీలంగా, కదలిక లేకుండా ఉంటాయి. దాని లోతు ఎవరికీ తెలియదు. మీ అమ్మ కుడివైపుకు తిరిగారు. ఎర్ర హెల్మెట్ పొదల వెనక మాయమైంది. నేను సైకిల్ దిగి, పదహారో పీలిక ముడి విప్పుతున్నాను.

అప్పుడొక శబ్దం వినిపించింది. దాన్ని సరిగ్గా చెప్పే మాట ఇప్పటికీ నాకు దొరకలేదు. గొంతులో ఏదో అడ్డుపడిన మనిషి దగ్గినట్టు, కానీ మనిషి దగ్గు కన్నా కింది నుంచి, పది అడుగుల దూరం నుంచి వచ్చింది. తర్వాత ఎండుటాకులు ఒక్కసారి నలిగాయి. అప్పటిదాకా అరుస్తున్న నెమళ్ళన్నీ ఆగిపోయాయి. ఆ కొండల్లో చిరుతలున్నాయని మనందరికీ తెలుసు. అవి మన దారికి రావని రఘునందన్ గారు చెప్పేవారు, మనం నమ్మేవాళ్ళం. అది చిరుతో, నీలగాయో, ఇంకేదో నాకు తెలియదు. తెలిసిందల్లా నా చేతులు ముడి మీద ఆగిపోయాయని, ఊపిరి కూడా శబ్దమేనని అనిపించి దాన్నీ బిగబట్టానని. వేల మాటలు నేర్చిన గొంతు నాది. దాన్లోంచి అప్పుడు ఒక్క అక్షరం రాలేదు. ఎంతసేపలా నిలబడ్డానో చెప్పలేను. తారురోడ్డు చేరేసరికి ఏడున్నర దాటింది.

రోడ్డు పక్కన అందరూ హెల్మెట్లు తీసి నీళ్ళు తాగుతున్నారు. తోక వచ్చిందా అని ఎవరో కేక వేశారు. రఘునందన్ గారు సంచి తీసుకుని కారు బానెట్ మీద కుమ్మరించి లెక్కపెట్టారు. ఇరవై మూడు. ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. మీ అమ్మ కనిపించలేదు. ఆమె ఆగరు గదా, ఎండెక్కక ముందే తమ ఇల్లున్న సెక్టారు దాకా సైకిల్ మీదే వెళ్ళిపోతారు. సగం మంది ఢిల్లీలో అశోకా రోడ్ క్యాంటీన్‌కు టిఫిన్‌కు బయలుదేరారు. వాళ్ళు ఆంటీ ఇంటికి వెళ్ళారనుకున్నారు. ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు టిఫిన్‌కు వెళ్ళారనుకున్నారు. నేను టిఫిన్‌కు వెళ్ళాను. రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. ఈ వివరం రాయకుండా ఉండవచ్చు, కానీ నేను దాన్ని మరిచిపోలేకపోతున్నాను.

నువ్వు మధ్యాహ్నం పన్నెండుకు ఫోన్ చేస్తే మీ అమ్మ తియ్యలేదు. పక్కింటివాళ్ళు తాళం వేసి ఉందన్నారు. నువ్వు రఘునందన్ గారికి చేశావు. ఆయన పన్నెండూ ఇరవైకి నాకు చేశారు. ఆ సంభాషణ పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

"స్నిగ్ధా, తోకవి నువ్వే గదా. అన్నీ వచ్చాయి గదమ్మా?"

"అన్నీ వచ్చాయి అంకుల్. మీరే లెక్కపెట్టారు."

"అచ్ఛా, ఠీక్ హై. అయితే ఆమె అడవిలో లేదు."

గమనించావా? ఆయన అడిగింది పీలికల గురించి, తేల్చింది మనిషి గురించి. అక్కడి నుంచి వెతుకులాటంతా రోడ్ల మీదే సాగింది. హైవే కింది దారి, మూడు ఆసుపత్రులు, పోలీసు చౌకీ, రెండు మెట్రో స్టేషన్ల పార్కింగు. నలభై ఒక్క డిగ్రీల ఎండలో పద్నాలుగు మంది తిరిగారు. ఒక్కరూ లోయదారి వైపు వెళ్ళలేదు. పీలికలన్నీ వచ్చేశాయి గదా.

ఆమె అడవిలోనే ఉన్నారు. పంతొమ్మిదో మలుపులో ముందు టైరు కంకర మీద జారి, దారికి పన్నెండు అడుగుల కింద, గుంట అంచున ఒక రాతికి ఆనుకుని ఆగారు. ఇంకో నాలుగడుగులు జారితే నీళ్ళే. తొడ ఎముక విరిగింది, ఫోన్ పగిలింది, సీసాలో సగం నీళ్ళున్నాయి. మూడూ నలభైకి అవతలి ఊళ్ళో మేకలు కాసే ఒక పెద్దావిడ చూసి మనుషుల్ని పిలిస్తే, వాళ్ళు ఆమెను నులకమంచం మీద గుంట అవతలి వైపు నుంచి తమ ఊరికి మోసుకుపోయారు. తాయీ, అంటే పెద్దమ్మా, అని పిలుస్తారట ఆవిడని. పొద్దుటి నుంచీ ఎవరో పిలుస్తున్నట్టు తనకు వినిపిస్తూనే ఉందని, సైకిళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటున్నారనుకున్నానని ఆవిడ నీతో చెప్పింది. నువ్వు ఆ మాట బృందంలో రాశావు. ఆసుపత్రిలో మీ అమ్మ నీతో అన్న మాట కూడా రాశావు. దాన్ని నేను తిరిగి రాస్తున్నాను:

"వెనక స్నిగ్ధ ఉంది గదా, వస్తుంది గదా అని అక్కడే పడుకున్నానమ్మా. లేకపోతే పాక్కుంటూ నీడకైనా పోయేదాన్ని."

ఆమె నన్ను గంటల తరబడి పిలిచారట. ఆ పిలుపు నాకు వినపడలేదు. దీన్ని ప్రమాణపూర్వకంగా చెప్తున్నాను. పన్నెండు అడుగుల కింద, పొదల అవతల, రాతి గోడల మధ్య గొంతు పైకి రావాలి, హెల్మెట్ లోపలి చెవులకు చేరాలి. ఇది నా వాదన, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

కానీ నా అసలు వాదన అది కాదు. నన్ను దోషిని చేస్తే మీ అందరికీ హాయిగా ఉంటుంది. దోషి పేరు స్నిగ్ధ అని తేలితే, ఈసారి తోకగా ఇంకొకర్ని పెట్టుకుని అదే దారిన, అదే సంచితో, అదే నమ్మకంతో వెళ్ళవచ్చు. మనల్ని ముంచింది ఒక మనిషి నిర్లక్ష్యం మాత్రమే కాదు. సంచిలో ఉన్న గుడ్డముక్కల్ని కొండ మీదున్న మనుషులుగా చెలామణీ చేసిన పద్ధతి. ఇరవై మూడు అనే అంకె సరిపోయిన క్షణంలో మనందరం ఒకేసారి చూడటం మానేశాం. పదిహేను మందిలో పద్నాలుగు మందే రోడ్డు మీదున్నారు. ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొట్టుకున్నాం. ఒక్కరికైనా ఖాళీ కనిపించిందా?

అప్పటినుంచీ నాకు భయం పోలేదు. నిన్ను జాలిపడమని అడగడం లేదు, సంగతి చెప్తున్నానంతే. హాస్టల్ వరండాలో ఎవరైనా నా పేరు పిలిస్తే అడుగు పడదు. పోయిన వారం అంతర్ కళాశాల పోటీలో మూడో నిమిషంలో, సభలో వెనక వరసల్లోంచి నా పేరు వినిపించినట్టయింది. ఆగిపోయాను. చర్చలో మధ్యలో ఆగిపోవడం నాకదే మొదలు. గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను. ఎవరూ పిలవలేదని తర్వాత నాతో చెప్పారు. నీలగాయి దగ్గును కూడా ఇంటర్నెట్‌లో వెతికి విన్నాను. చిరుతదీ విన్నాను. రెండూ అదే అనిపించాయి.

అందువల్ల ఆదివారం మీరు చేయవలసింది ఇది. బయలుదేరే ముందు ఒక్కొక్కరి పేరూ పైకి పిలవాలి, పలకాలి. పదహారో చెట్టు దగ్గర ఆగి మళ్ళీ పిలవాలి. తారురోడ్డు మీద మళ్ళీ పిలవాలి. పలకని పేరు ఒక్కటున్నా ఎవరూ హెల్మెట్ తియ్యకూడదు, ఎవరూ టిఫిన్‌కు పోకూడదు. పీలికలు కట్టుకోండి, విప్పుకోండి, అడవి శుభ్రంగా ఉంచండి. వాటితో మనుషుల్ని మాత్రం లెక్కపెట్టకండి. ఇది ఒప్పుకోకుండా పిల్లల్ని ఆ దారిలోకి తీసుకెళ్తే, ముందు చక్రానికి అడ్డంగా నేను కూర్చుంటాను.

ఆంటీకి నా నమస్కారాలు చెప్పు. చెప్పాలనిపిస్తేనే.

నీ ఎదుటి పక్షం,
స్నిగ్ధ

తా.క. ప్రణతీ, చదవడం నా సంతకం దగ్గర ఆపకు. మిగతాది కూడా ఇదే గొంతుతో పైకి చదువు.

కవరు అంటించిన తర్వాత అన్నపూర్ణేశ్వరి గారు ఫోన్ చేశారు. ఆ సంచి ఇన్నాళ్ళూ కారు డిక్కీలోనే ఉండిపోయిందట, ఆదివారం కోసం ఇవాళ పీలికలు ఉతికారట. తిన్నావా అని అడిగి, మామూలు గొంతుతోనే అన్నారు: "పదహారు ఉతికి ఆరేశానమ్మాయ్. మిగతా ఏడింటికి నేను పెట్టిన మడత కూడా పోలేదు. వాటిని ఉతకలేదు. ఆదివారం వస్తావుగా?" ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాను. కవరు చింపాను.

తోక సంచి అడుగున చిరిగినవాటికి బదులుగా ఎప్పుడూ పది కొత్త పీలికలుంటాయి. పదహారో చెట్టు దగ్గర ఆ శబ్దం విన్నాక నేను కుడివైపు వెళ్ళలేదు. అదే తారురోడ్డుకు చేరే ఎడమవైపు లారీ బాట పట్టుకుని, వెనక్కి చూడకుండా తొక్కాను. రోడ్డు కనిపించే మలుపులో ఆగి, ఏడు కొత్త పీలికలు తీసి పదహారింటిలో కలిపాను. మీ అమ్మకు ఏమీ కాదని అప్పుడు నిజంగా అనుకున్నాను, అప్పటికే ఇంటికి పోయుంటారనుకున్నాను. భయపడిపోయానని ఎవరికీ తెలియకూడదని మాత్రమే ఆ పని చేశాను. పైన ఉత్తరమంతా వెతుకు. ఇరవై మూడు బానెట్ మీద పడ్డాయన్నానే గాని విప్పానని ఎక్కడా అనలేదు. వేరే ఎవరైనా రాసి ఉంటే ఆ ఖాళీని మనిద్దరం రెండు నిమిషాల్లో పట్టుకునేవాళ్ళం.

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి ఆయన అన్నీ వచ్చాయా అని అడిగినప్పుడు మొదటి భయం పోయి, దొరికిపోతానన్న రెండోది ఉంది. రాలేదు, కుడివైపు వెతకండి అంటే చాలు, అరగంటలో ఆమె దొరికేవారు. అన్నీ వచ్చాయి అంకుల్ అన్నాను. అక్కడి నుంచి మూడూ నలభై దాకా ఆమె ఎండలో పడి ఉన్న ప్రతి నిమిషం నాది. పద్ధతి తప్పే. కానీ దానితో అబద్ధం ఆడించింది నేను.

ఏడు పీలికలూ ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. నిన్న వాటిని మాయం చేద్దామని ఒక్కదాన్నే వెళ్ళాను. పదహారో చెట్టు దగ్గర నిలబడితే పదిహేడోది గాలికి ఊగుతూ కనిపించింది. అడుగు ముందుకు పడలేదు, తిరిగి వచ్చేశాను. ఎల్లుండి తెల్లవారుజామున రఘునందన్ గారు కొత్తవి కట్టడానికి వెళ్తే అవి ఆయనకే కనిపిస్తాయి. దొరికిపోతానన్న భయంతోనే ఒప్పుకుంటున్నానని నువ్వు వాదిస్తే, నేను ఖండించను.

ఒక్క ప్రమాణం మాత్రం మిగిలింది, ఆ పిలుపు నాకు వినపడలేదన్నది. లారీ బాట మీద మొదటి మలుపులో ఏదో వినిపించి ఇంకా గట్టిగా తొక్కిన జ్ఞాపకం నాకుంది. అది నా వెంట పడిందనుకున్న జంతువో, నా పేరో తెలియకుండా నేను బతకలేను.

కనుక ఇది వింటున్న అందరినీ అడుగుతున్నాను. సైకిళ్ళు ఇక్కడే పడుకోబెట్టండి. కాలినడకన నాతో పదహారో చెట్టు దాకా రండి. మీరు కుడివైపు వెళ్ళి, పంతొమ్మిదో పీలిక కింద ఆమె పడిన చోటికి దిగండి. నేను ఒక్కదాన్నే ఎడమవైపు వెళ్ళి ఆ మలుపులో నిలబడతాను. ఆ గుంట అంచు నుంచి, ఎముక విరిగిన మనిషి ఎంత గట్టిగా పిలవగలదో అంతే గట్టిగా, నా పేరు పెట్టి పిలవండి.